గర్భసంచిలో గడ్డలు: ఏ ఆపరేషన్, ఎందుకు, తర్వాత ఏమిటి

మా పిన్నిది ఆదోని దగ్గర పల్లె. వయసు 43. రెండేళ్లుగా నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. పత్తి చేలో పని మధ్యలో గట్టు చాటుకు వెళ్లి గుడ్డ మార్చుకుని వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికల్లా కళ్లు తిరగడం మొదలయ్యాక కర్నూలు తీసుకొచ్చాం. స్కానింగ్ చేసిన పావుగంటకే ఒక క్లినిక్‌లో తేల్చేశారు: "గడ్డలున్నాయి. సంచి తీసేయాలి. వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది. రేపే చేర్చండి." అప్పటికి ఆమె హిమోగ్లోబిన్ 6.8. ఆ అంకె గురించి అక్కడ ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

పిన్నికి చివరికి గర్భసంచి తీయించాల్సే వచ్చింది. ఆమె విషయంలో అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే అది మర్నాడే జరగలేదు. రెండు నెలలు ఆగి, రక్తం పెంచుకుని, ఏమి తీస్తారో ఏమి ఉంచుతారో తెలుసుకున్నాకే బల్ల ఎక్కింది. ఆ రెండు నెలల్లో డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ, తర్వాత ఆమె మంచం పక్కన కూర్చుని చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. మన వైపు "గర్భసంచి ఆపరేషన్" అనే ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు ఆపరేషన్లు దాక్కుని ఉన్నాయి. తనకు చేయబోయేది వాటిలో ఏదో తెలియకుండానే చాలామంది వేలిముద్ర వేస్తున్నారు.

గడ్డ ఎక్కడుంది?

ఈ గడ్డనే డాక్టర్లు ఫైబ్రాయిడ్ అంటారు. అంటే గర్భసంచి గోడలోని కండరమే ఒకచోట ముద్దకట్టి పెరగడం. నెలసరిని నడిపించే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లే దానికీ మేత. అందుకే నెలసరి వచ్చే వయసులో పెరుగుతుంది, నెలసరి పూర్తిగా ఆగిపోయాక కుంచించుకుపోతుంది. యాభై ఏళ్లు వచ్చేసరికి స్కానింగ్‌లో వెతికితే సగానికి పైగా ఆడవాళ్లలో ఎంతో కొంత కనిపిస్తుంది. వాళ్లలో చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

రిపోర్టు చేతికి రాగానే అందరం చూసేది సెంటీమీటర్ల వైపే. డాక్టరు ముందు చూసేది చోటు. గర్భసంచిని ఒక ఇల్లనుకోండి. గోడ లోపలి పూత కింద ఉబ్బి గదిలోకి పొడుచుకొచ్చే రాయి ఒక రకం, దాన్ని సబ్‌మ్యూకోసల్ అని రాస్తారు. గోడ మందంలోనే ఉండిపోయేది ఇంట్రామ్యూరల్. గోడ బయటి వైపుకు ఉబ్బేది సబ్‌సీరోసల్. లోపలి గదిలోకి వచ్చిన గడ్డ రెండు సెంటీమీటర్లే అయినా రక్తం వరదలా పోయేలా చేయగలదు, గర్భం నిలవకుండానూ చేయగలదు. బయటికి ఉబ్బిన గడ్డ ఆరు సెంటీమీటర్లున్నా ఏ బాధా పెట్టకపోవచ్చు. మరీ పెరిగితే మాత్రం మూత్రాశయాన్ని నొక్కి రాత్రిపూట నాలుగుసార్లు లేపుతుంది, పేగును నొక్కి మలబద్ధకం తెస్తుంది.

రిపోర్టులో ఇంకో మాట ఉంటుంది: "గర్భసంచి 16 వారాల సైజు." పిన్ని అది విని బిత్తరపోయింది, ఈ వయసులో కడుపేమిటని. నాలుగో నెల గర్భంతో సంచి ఎంత పెద్దదవుతుందో గడ్డల వల్ల అంత పెద్దదైందని దాని అర్థం. మామూలు రోజుల్లో అది జామకాయంత ఉంటుంది.

ఇక క్యాన్సర్ మాట. ఆపరేషన్‌కు తొందరపెట్టడానికి దీన్ని మించిన ఆయుధం లేదు కాబట్టి స్పష్టంగా చెప్పాలి. ఫైబ్రాయిడ్ ముదిరి క్యాన్సర్‌గా మారడమనేది వైద్యశాస్త్రం ఒప్పుకున్న మాట కాదు. సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ ఒకటి గర్భసంచి కండరంలో విడిగా పుడుతుంది, స్కానింగ్‌లో కొన్నిసార్లు ఫైబ్రాయిడ్‌లాగే కనిపిస్తుంది. నెలసరి ఆగిపోయాక కూడా గడ్డ పెరుగుతుంటే దాన్ని అనుమానించాలి. 45 దాటిన మనిషికి రక్తస్రావం అతిగా ఉంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం మంచి వైద్యంలో భాగం. లోపలి పొర క్యాన్సర్ ఏమైనా ఉంటే ఆపరేషన్‌కు ముందే తెలియాలి. క్యాన్సర్ భయం నిజంగా ఉన్న డాక్టరు ముందు ఆ పరీక్ష రాస్తారు. పరీక్ష ఊసే లేకుండా భయం మాత్రమే చూపిస్తే ఇంకో డాక్టరును కలవండి.

మన రాష్ట్రం లెక్క

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, అంటే 2015–16లో, 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మన ఆడవాళ్ల గర్భసంచులకు దేశంలో ఇంకెక్కడా లేని జబ్బు వచ్చిందా? ఇక్కడ పెళ్లి తొందరగా అవుతుంది, కాన్పులు తొందరగా అవుతాయి, పాతికేళ్లు నిండకముందే పిల్లల ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత గర్భసంచి ఉండీ ఏమి ప్రయోజనమన్న ఆలోచన ఇంట్లోనూ ఉంది, ఆసుపత్రిలోనూ ఉంది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు?" అని పిన్నితో అన్నది సొంత ఆడపడుచే.

ఈ ధోరణి మీద విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మీ వయసు నలభై లోపైతే, ఒక్క డాక్టరు మాట మీద గర్భసంచి తీయించుకోకండి. రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టరును అవమానించడం అవుతుందేమోనని మొహమాటపడతాం. కర్నూలు వీధుల్లో ఒక ఆసుపత్రి మెట్లు దిగితే ఇంకోటి కనిపిస్తుంది. లేదా పెద్దాసుపత్రి ఉంది. 1957లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధంగా, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వచ్చే చోటు అది. ఓపీ చీటీ ఖర్చుతో రెండో అభిప్రాయం దొరుకుతుంది.

అసలు ఆపరేషన్ లేకుండా గడిచిపోయేవారూ ఉన్నారు. బాధ పెట్టని గడ్డను ఆరు నెలలకో ఏడాదికో స్కానింగ్‌తో చూసుకుంటే సరిపోతుంది. రక్తస్రావమే ఇబ్బందైతే ఆ నాలుగు రోజులు వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. కాపర్-టీ లాగే లోపల అమర్చే హార్మోన్ సాధనం ఉంది, గడ్డ లోపలి గదిని మరీ వంకరచేయనివారికి బాగా పనిచేస్తుంది. మన దేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46–47. కాబట్టి 45 దాటినవారు కొందరు మందులతో ఆ గీత దాటేయగలరు. గర్భసంచికి వెళ్లే రక్తనాళాలను చేతి దగ్గరో గజ్జ దగ్గరో సన్నని గొట్టం పంపి మూసేసే పద్ధతి కూడా ఉంది. దానికి మన వైపు వాళ్లు ఎక్కువగా హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. మొదటి రోజు నొప్పి గట్టిగా ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవారికి సాధారణంగా సలహా ఇవ్వరు.

ఆపరేషన్‌లో రకాలు

గదిలోకి పొడుచుకొచ్చిన చిన్న గడ్డకు పొట్ట కోయనే అక్కర్లేదు. యోని మార్గం నుంచే కెమెరా ఉన్న సన్నని పరికరం పంపి గడ్డను చెక్కేస్తారు. దీన్ని హిస్టరోస్కోపీ అంటారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు, వారంలో పనిలో పడతారు. ఇలాంటి గడ్డకు కూడా సంచి మొత్తం తీసేయడం నేను విన్నాను. ఆ మాట రాస్తుంటేనే బాధగా ఉంది.

పిల్లలు కావాల్సినవారికి, సంచి ఉంచుకోవాలనుకునేవారికి గడ్డను మాత్రం తీసి గోడను తిరిగి కుట్టే ఆపరేషన్ ఉంది. పేరు మయోమెక్టమీ. పొట్ట కోసి చేయవచ్చు, లాపరోస్కోపీలో చిన్న రంధ్రాల నుంచీ చేయవచ్చు. ఇందులో మూడు సంగతులు ముందే తెలియాలి. రక్తం ఎక్కువ పోవచ్చు, అరుదుగా రక్తం ఆగక సంచే తీయాల్సి రావచ్చు. కొన్నేళ్లకు కొత్త గడ్డలు మళ్లీ పుట్టవచ్చు. గోడలో లోతుగా కుట్లు పడితే తర్వాతి కాన్పు సిజేరియన్‌గానే చేయాలంటారు, నొప్పుల సమయంలో ఆ మచ్చ విడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి. గర్భానికి ఎన్ని నెలలు ఆగాలో కూడా డాక్టరే చెప్పాలి. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు.

మొత్తం గర్భసంచి తీసేది హిస్టరెక్టమీ. గడ్డలు మళ్లీ రాకుండా పూర్తి పరిష్కారం ఇదొక్కటే, అందులో సందేహం లేదు. యోని మార్గంలో తీయవచ్చు, లాపరోస్కోపీలో తీయవచ్చు, పొట్ట కోసి తీయవచ్చు. సంచి మరీ పెద్దదైతే తరచుగా పొట్ట కోయాల్సి వస్తుంది, పిన్నికి అదే అయింది. లాపరోస్కోపీలో పెద్ద గడ్డను యంత్రంతో ముక్కలు చేసి తీస్తుంటే, అందులో దాగిన క్యాన్సర్ ఉంటే పొట్టంతా చిమ్ముతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. అందుకే గడ్డను పొట్ట లోపలే ఒక కవర్లాంటి తిత్తిలో వేసి ముక్కలు చేసే పద్ధతి వచ్చింది. ఇది కూడా అడగదగ్గ ప్రశ్నే.

అండాశయాల దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా "పనిలో పనిగా" తీసేయడం మన దగ్గర ఎక్కువ. గర్భసంచి బిడ్డను మోసే చోటు, అంతే. ఎముకలకు, గుండెకు, నిద్రకు, చర్మానికి కావలసిన హార్మోన్ తయారయ్యేది అండాశయాల్లో. నలభై ఏళ్ల మనిషికి రెండూ తీసేస్తే రాత్రికి రాత్రే నెలసరి ఆగిన వయసు మీద పడుతుంది: ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, ఆపైన ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు. ఫైబ్రాయిడ్లకు అండాశయాలు తీయాల్సిన పని లేదు. వాటిలో వేరే జబ్బు ఉంటేనో, కుటుంబంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్ల చరిత్ర బలంగా ఉంటేనో ఆలోచించాలి. వాటిని ఉంచినా నెలసరి ఆగే వయసు ఏడాదో రెండేళ్లో ముందే రావచ్చు, అది వేరే సంగతి. అండవాహికలను, అంటే అండాన్ని సంచికి చేర్చే గొట్టాలను మాత్రం తీసేయమని ఇప్పుడు చాలామంది డాక్టర్లు సలహా ఇస్తున్నారు. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ వాటి చివర్లలో మొదలవుతాయని తేలింది కాబట్టి. చిన్న వయసులో అండాశయాలు కూడా తీయక తప్పని పరిస్థితి వస్తే, హార్మోన్ మందులు ఎప్పటిదాకా వాడాలో అడగకుండా ఇంటికి రాకండి.

గర్భసంచి మెడను, అంటే సర్విక్స్‌ను ఉంచారా తీశారా అన్నది మరో ప్రశ్న. ఉంచితే దాని క్యాన్సర్ పరీక్ష ఎప్పటిలాగే చేయించుకుంటూ ఉండాలి.

ముందు రక్తం

అదే కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, అంటే 2019–21లో, ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దాని మీద గడ్డలు నెలనెలా రక్తం లాగేస్తుంటే మిగిలేదేముంది? హిమోగ్లోబిన్ ఉండాల్సింది కనీసం 12. పిన్నికి దాదాపు సగం. ఆ స్థితిలో కోత పెడితే రక్తం ఎక్కించక తప్పదు, పుండు మానడం ఆలస్యమవుతుంది, ఇన్‌ఫెక్షన్ సులభంగా పడుతుంది. రెండో డాక్టరమ్మ ముందు రక్తస్రావం ఆపడానికి మందులు రాశారు. మాత్రలు కడుపులో మంట పెడుతున్నాయంటే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఏడు వారాల్లో 10.4కు వచ్చింది. ముఖంలో పాలిపోయిన తెలుపు పోయి, మెట్లెక్కి వచ్చి నవ్వింది. ఆపరేషన్ కన్నా ముందే సగం జబ్బు తగ్గినట్టు అనిపించింది నాకు. కొందరికి గడ్డ కుంచించుకోవడానికి నెలకొకటి చొప్పున మూడు హార్మోన్ సూదులు ఇస్తారు. సంచి కాస్త చిన్నదైతే పెద్ద కోత చిన్న కోత కావచ్చు.

ఆ రెండో డాక్టరమ్మ మందుల చీటీ వెనక పెన్నుతో ఒక బొమ్మ గీశారు. తలకిందుల జామకాయ, రెండు వైపులా రెండు కొమ్మలు, కొమ్మల చివర రెండు బాదం గింజలు. జామకాయలో నాలుగు సున్నాలు చుట్టి, "ఇవీ గడ్డలు. ఇది తీస్తాను. ఈ బాదం గింజలు ముట్టుకోను" అన్నారు. రెండు నిమిషాల పని. పిన్ని ఆ చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది.

ఖర్చు సంగతి: డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కేసు వస్తుందా, ఏ ఆసుపత్రిలో వస్తుంది అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఉచితమన్న ఒక్క కారణంతో అవసరం లేని ఆపరేషన్‌కు, ఖర్చన్న ఒక్క కారణంతో అవసరమైన ఆపరేషన్ వాయిదాకు ఒప్పుకోకండి.

బల్ల మీద నుంచి ఇంటి దాకా

పొట్ట కోసే ఆపరేషన్‌కు తరచుగా నడుముకు మత్తు సూది ఇస్తారు, లాపరోస్కోపీకి పూర్తి మత్తు. గంట నుంచి రెండు మూడు గంటలు పడుతుంది. బయటికి తెచ్చాక వణుకు వస్తుంది, కాళ్లు కొన్ని గంటలు కదలవు, మూత్రానికి గొట్టం ఉంటుంది. చూసేవాళ్లు హడలిపోతారు, ఇవన్నీ మామూలే. లాపరోస్కోపీ అయినవారికి భుజం నొప్పి వస్తుంది. పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ వల్ల అది, రెండు మూడు రోజుల్లో పోతుంది.

మర్నాడు పొద్దున్నే నర్సు వచ్చి లేచి నడవమంటుంది. కుట్లు తెగిపోతాయని మనం అడ్డం పడతాం. నడవాలి. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పిన్ని ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని గుమ్మం దాకా ఎనిమిది అడుగులు వేసింది. దగ్గు వచ్చినప్పుడు దిండు పొట్టకు అదిమిపెట్టుకోమని పక్క మంచం ఆవిడ నేర్పింది. కుట్ల నొప్పికన్నా గ్యాస్ నొప్పే ఎక్కువ ఏడిపించింది. "గ్యాస్ పోయిందా?" అని డాక్టరు రోజూ అడుగుతారు, సిగ్గుపడకుండా చెప్పండి. పేగులు కదిలాయని తెలిసేది దానితోనే. పొట్ట కోసినవారు మూడు నుంచి అయిదు రోజులు, లాపరోస్కోపీవారు ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంటారు.

ఇంటికి రాగానే పథ్యం మొదలవుతుంది. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, పెరుగు జలుబు. ఆడపడుచు పెట్టింది వెల్లుల్లి కారం, అన్నం. పుండు మానాలంటే మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ తినవచ్చు. మన ఎండలకు నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మలబద్ధకంతో ముక్కితే లోపలి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

నిజంగా కాచుకోవాల్సింది బరువు దగ్గర. ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నీళ్ల బిందె అంతకు మూడింతలుంటుంది, రెండేళ్ల మనవడు రెండింతలుంటాడు. రొట్టె తట్టడానికి కూర్చుని ముందుకు ఒరిగి చేతులతో అదిమే పని కూడా అన్ని రోజులూ మానాలి. పిన్ని ఊళ్లో సగం ఇళ్లు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు వెళ్తాయి. నాలుగో వారానికే ఆమె మూట సర్దింది. పైన చర్మం మానిపోయింది, నొప్పి లేదు, ఇంకేమిటని. పైకి కనిపించే మచ్చ కింద ఇంకా మానుతున్న పొరలు ఉంటాయి. అవి జారితే హెర్నియా వస్తుంది. పొట్ట కోసినవారు పొలం పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, లాపరోస్కోపీవారు రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. ఆ ఏడాది పిన్ని ఇంట్లోనే ఉండిపోయింది. కూలి డబ్బు పోయింది, ఆ లోటు చిన్నదేమీ కాదు. సంచి తీయించుకున్నవారు భార్యాభర్తల కలయికకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, యోని పైభాగంలో కుట్లుంటాయి కాబట్టి. ఇది మగవాళ్లకు డాక్టరే నేరుగా చెబితే మంచిది.

కొన్ని వారాలు కొద్దిగా ఎర్రగానో గోధుమరంగుగానో కనిపించడం సహజం. గంటకో ప్యాడ్ తడిసిపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, దుర్వాసనతో స్రావం, ఒక కాలి పిక్క వాచి నొప్పి, ఆయాసం, ఆగని వాంతులు, మూత్రం తనకు తెలియకుండా యోని నుంచి నీళ్లలా కారడం, వీటిలో ఏదొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చివరిది చెప్పుకోలేక నెలలు దాచుకునేవాళ్లుంటారు. ఆపరేషన్‌లో మూత్రనాళానికో మూత్రాశయానికో దెబ్బ తగిలితే అలా జరుగుతుంది. దాన్ని సరిచేయగలరు.

మూడో రాత్రి ఆసుపత్రిలో లైట్లు ఆర్పాక పిన్ని నన్ను మెల్లగా అడిగింది: "సంచి తీసేస్తే ఆడతనం పోతుందంటారు, నిజమేనా? ఆ చోటంతా ఖాళీగా ఉంటుందా?" ఖాళీ ఉండదని, పేగులు సర్దుకుంటాయని చెప్పాను. హార్మోన్లు అండాశయాల నుంచి వస్తాయని, అవి అలాగే ఉన్నాయని, కోరికా ప్రేమా ఎక్కడికీ పోవని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంచెం ఏడ్చింది. ఇద్దరు పిల్లల్ని మోసిన సంచి కదా. ఆ ఏడుపుకు మందు అక్కర్లేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. వారాలు గడిచినా దిగులు వదలకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది, వెళ్లి తప్పకుండా తెచ్చుకోండి. డిశ్చార్జి కాగితం అంతకన్నా ముఖ్యం. పిన్ని వీధిలోనే ఒకావిడకు పదేళ్ల కింద, 29 ఏళ్లకు సంచి తీశారు. ఇప్పుడు ఎముకల నొప్పులని వెళ్తే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, అండాశయాలున్నాయా తీశారా అని. ఆమెకు తెలియదు. కాగితం లేదు, పొట్ట మీద మచ్చ మాత్రమే ఉంది.

పిన్ని కాగితంలో ఇంగ్లీషులో రాసి ఉంది, గర్భసంచి, మెడ, రెండు అండవాహికలు తీశామని, రెండు అండాశయాలు ఉంచామని. ఆమె నాచేత దాని వెనక నీలి పెన్నుతో అదంతా తెలుగులో రాయించుకుని, డాక్టరమ్మ బొమ్మ గీసిన చీటీతో కలిపి రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.